గెలాక్సీల ఢీకి ఆకివీడు నుంచి ఖండన

శనివారం మధ్యాహ్నం మూడున్నరకు నేను ఒక వ్యాసం అడుగు నుంచి ఆరు లైన్లు కోసేశాను. అర నిమిషం పని. సోమవారానికల్లా కైకలూరు, ఆకివీడు మధ్య రొయ్యల చెరువుల్లో గడువుకు ముందే వలలు దిగాయి. ఐసు కోసం లారీలు వరస కట్టాయి. బుధవారం తాడేపల్లిగూడెంలో ఒక ఫిజిక్స్ లెక్చరర్‌ను ఇంట్లో కూర్చోమన్నారు.

రెండు గెలాక్సీలు ఢీకొంటే ఏమవుతుందన్నది ఆ వ్యాసం. మన పాలపుంత వైపు పొరుగు గెలాక్సీ ఆండ్రోమెడా సెకనుకు వంద కిలోమీటర్ల పైచిలుకు వేగంతో వస్తోందనీ, రెండూ గుద్దుకున్నప్పుడు వాటిలోని వాయుమేఘాల్లో ఆఘాత తరంగాలు పుడతాయనీ, ఆ ఒత్తిడికి కొత్త నక్షత్రాలు గుంపులు గుంపులుగా పుట్టుకొస్తాయనీ అందులో ఉంది. నేను కోసేసిన ఆరు లైన్లలో ఉన్నది ఒక్కటే సంగతి. ఇదంతా జరగడానికి ఇంకా నాలుగైదు వందల కోట్ల ఏళ్ళు పడుతుంది.

ఏలూరులో ఒక దినపత్రిక జిల్లా డెస్కులో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేశాను. ఈ మధ్య ఆ పనిలో చేరినవాళ్ళు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, డెస్కు పని ఎలా ఉంటుందో చెప్పమంటారు. నేను ఎప్పుడు సబ్ ఎడిటర్నయ్యానో, ఎప్పుడు సీనియర్నయ్యానో వాళ్ళకు అక్కర్లేదు, నాకూ సరిగ్గా గుర్తులేదు. ఆ ఆరు లైన్ల సంగతి మాత్రం చెబుతాను. డెస్కు పని ఏమిటో అందులో మొత్తం ఉంది.

తోక నుంచి కోయడం

మా ఎడిషన్ ఇన్‌ఛార్జి శేషగిరిరావు గారు నన్ను చేర్చుకున్న రోజున నేర్పింది ఒకటే పాఠం. వార్తలో ముఖ్యమైనది పైన ఉంటుంది, అనవసరమైనది కింద ఉంటుంది. చోటు చాలకపోతే చదవక్కర్లేదు, కింద నుంచి కోసుకుంటూ రా. చదువుతూ కూర్చుంటే పేజీ లేటవుతుంది.

మంచి సూత్రమే. విలేకరి కూడా ఆ సూత్రం తెలిసినవాడైతే పనిచేస్తుంది. మా విలేకరుల్లో చాలామంది జరిగింది జరిగినట్టు, మొదటి నుంచి చివరిదాకా రాసేవారు. అలాంటప్పుడు చివర ఉండేదే అసలు సంగతి.

నేను చేరిన కొత్తల్లో ఒకసారి గాలివానకు కొల్లేట్లో ఒక జాలరి పడవ తిరగబడింది. అతను గల్లంతయ్యాడనీ, తోటివాళ్ళు వెదికారనీ, భార్య గట్టు మీద స్పృహ తప్పిందనీ పెద్ద వార్త వచ్చింది. చివరి లైను, సాయంత్రానికి అతను నడుచుకుంటూ ఇల్లు చేరాడని. ఆ లైను నేను కోసేశాను. మర్నాడు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బంధువులు పరామర్శకు వచ్చారు. వచ్చినవాళ్ళందరికీ అతనే టీలు ఇచ్చాడట. మూడోరోజు మా ఆఫీసుకొచ్చి, తాను బతికే ఉన్నానని వేయమన్నాడు. శేషగిరిరావు గారు అతన్ని కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నారు. రాతపూర్వకంగా ఖండన ఉంటేగాని సవరణ వేయకూడదని ఆయన నియమం. ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నాడు కదండీ అన్నాను. ‘‘కాఫీ ఫైల్లో పెట్టలేం కదయ్యా’’ అన్నారాయన.

ఆయన చెడ్డవాడు కాదు. సవరణ అడిగిన ప్రతివాడికీ వేస్తూ పోతే పేపరుకు విలువ పోతుందని నమ్మిన తరం మనిషి. ఆ నమ్మకం తప్పని ఇప్పుడు అంటాను. అప్పట్లో అనలేదు.

ప్రకటన

తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో వరలక్ష్మి గారు ఫిజిక్స్ చెప్పేవారు. నేను రిటైరయ్యే ముందు ఏళ్ళలో, మా జిల్లా టాబ్లాయిడ్‌కు ప్రతి ఆదివారం సైన్సు సంగతులు రాసిచ్చేవారు. క్లాసులో చెప్పినట్టే రాసేవారు. ముందు పిల్లలు నోరు తెరిచే సంగతి, తర్వాత కారణాలు, చివరికి అసలు లెక్క. వార్త రాసే పద్ధతికి సరిగ్గా తలకిందులు.

ఆ శనివారం పేజీ అయిపోవచ్చిన సమయంలో, కింద ఉన్న జనరేటర్ల ప్రకటన సైజు పెరిగిందని కబురొచ్చింది. ఆరు లైన్లు తగ్గించాలి. తగ్గించాను. మిగిలిన వ్యాసం ‘‘ఆ తాకిడితో పెనుమార్పులు మొదలవుతాయి’’ అన్న వాక్యం దగ్గర ఆగింది. దాని కింద సన్నని గీత. గీత కింద ప్రకటనలో పెద్ద అక్షరాలు: ‘‘ఆ క్షణం రాకముందే మేలుకోండి. కరెంటు పోతే మీ చెరువు గతేమిటి?’’

పైన శీర్షిక కూడా నాదే. వరలక్ష్మి గారు పెట్టింది ‘గెలాక్సీలు కలిసినప్పుడు’. అది చప్పగా ఉందని ‘దూసుకొస్తున్న పొరుగు గెలాక్సీ’ అని మార్చాను.

ఎప్పుడండీ?

ఆదివారం ఉదయం కైకలూరు నుంచి మాకు వార్తలు పంపే కంట్రిబ్యూటర్ రాంబాబు ఫోన్ చేశాడు.

‘‘గురువుగారూ, ఎప్పుడండీ?’’

‘‘ఏది?’’

‘‘అదేనండీ, గుద్దుకోవడం. చెరువుల వాళ్ళు పొద్దున్నించీ చంపేస్తున్నారండీ. ఈ వారంలోనే అంటారా, వచ్చే వారమా?’’

నేను పేపరు తీసి చూసుకున్నాను. ఎప్పుడో ఎక్కడా లేదు. నాలుగైదు వందల కోట్ల ఏళ్ళు పడుతుందని చెప్పాను. ‘‘మరి అంత తీరిగ్గా ఉన్నదాన్ని ఈ ఆదివారమే ఎందుకు వేశామండీ’’ అన్నాడు.

ప్రపంచం అంతమైపోతుందని ఆ చుట్టుపక్కల ఎవరూ బెంగపడలేదు. కరెంటు పోతుందని బెంగపడ్డారు. కరెంటు పోతే చెరువులో ఏరేటర్లు ఆగుతాయి, ఏరేటర్లు ఆగితే రొయ్యకు గాలి అందదు. గెలాక్సీ వచ్చి తగిలితే సబ్‌స్టేషన్ ఎన్నాళ్ళకు బాగవుతుందన్నదే వాళ్ళ ప్రశ్న. నిజం చెప్పాలంటే చాలామంది నమ్మలేదు కూడా. ఆదివారం ఒకాయన తన చెరువులో వల దించి పట్టుబడి పెట్టాడు. ఆయన రొయ్య కౌంటుకొచ్చింది, అంటే అమ్మే సైజుకు పెరిగింది కనక పెట్టాడు, ఆయన పేపరే చదవడు. పక్క చెరువాయన ఎందుకా అని ఆరా తీస్తే ఎవరో పేపరు చూపించారు. ఆయనా వల దించాడు. ఆయన్ని చూసి అవతలివాళ్ళు దించారు. నేను చెప్పిన మాట రాంబాబు మోటారు సైకిలేసుకుని ఊరూరా చెప్పుకుంటూ పోయాడు. ఏ ఊరు వెళ్ళినా అతనికంటే ముందే వల దిగి ఉంది.

మంగళవారం ఈదురుగాలి వీచింది. స్తంభాలు ఒరిగి కొల్లేరు వైపు రెండు రోజులు కరెంటు లేదు. ఏటా ఉండేదే. ఆ ఏడు మాత్రం జనం మా పేపరు ముందే చెప్పిందన్నారు.

బాధితులు ఎవరు?

తాడేపల్లిగూడెంలో కాలేజీకి తల్లిదండ్రులు వచ్చారు. కొందరు పిల్లలు భయపడుతున్నారన్నారు. కొందరు పరీక్షలు జరుగుతాయా అన్నారు. ఎక్కువమంది అడిగింది మాత్రం, ఎంసెట్లో లేని గెలాక్సీల గురించి ఆ మేడమ్ ఎందుకు చెబుతున్నారని. కాలేజీ నడిపే కరస్పాండెంట్, వరలక్ష్మి గారిని పిలిచి, ఎన్నేళ్ళకో రాయకుండా వదిలేసింది ఆవిడే అయితే ఇక రానవసరం లేదన్నారు. పేపరు వాళ్ళదే తప్పయితే ఆ మాట పేపరులోనే రావాలి, వచ్చే ఆదివారంలోగా. వస్తే సోమవారం క్లాసుకు రావచ్చు.

ఆవిడ గురువారం మా ఆఫీసుకొచ్చారు. తిడతారనుకున్నాను. రాసిచ్చిన కాగితం జిరాక్సు నా బల్ల మీద పెట్టి, చివరి పేరా కింద పెన్సిలుతో గీసిన గీత చూపించి, ‘‘నేను రాశానండీ’’ అన్నారు. అంతకంటే తిట్టు నా సర్వీసులో పడలేదు.

ఇద్దరం శేషగిరిరావు గారి దగ్గరకు వెళ్ళాం. ఆయన అంతా విన్నారు. సవరణ వేద్దాం, ఖండన ఏదీ అన్నారు. మేడమ్ గారే ఇస్తారన్నాను.

‘‘ఆవిడ రచయిత్రి. ఆవిడ రాసినదాన్ని ఆవిడే ఎలా ఖండిస్తారు? నువ్వు కోశావు, నువ్వూ ఖండించకూడదు. వార్త వల్ల నష్టపోయిన వాళ్ళివ్వాలి. ఢీకొన్నవాళ్ళలో ఎవరైనా ఇస్తే మరీ మంచిది.’’

ఢీకొన్నవి గెలాక్సీలండీ అన్నాను. అందుకే బాధితులను వెతకమంటున్నానన్నారు. ఆయన నవ్వలేదు. వరలక్ష్మి గారు నోట్‌బుక్ తీసి, బాధితుడు, సంతకం, ఫోన్ నంబరు, ఆదివారం లోపు అని రాసుకున్నారు. క్లాసుకు తయారవుతున్నట్టే ఉంది.

కొల్లేటికోట

శుక్రవారం ఇద్దరం బయల్దేరాం. రాంబాబు చెప్పిన బాధితుడు కొల్లేటికోటలో ఏడుకొండలు. కౌలుకు తీసుకున్న చెరువులో రొయ్యను ఇరవై రోజులు ముందే పట్టేశాడట. ఇంతకంటే నష్టపోయినవాడు దొరకడని రాంబాబు హామీ.

గట్టు మీద మోటారు షెడ్డు దగ్గర ఏడుకొండలు మాకు కుర్చీలు వేసి, కొబ్బరిబొండాలు కొట్టించాడు. షెడ్డు గోడకు మా పేజీ అంటించి ఉంది, జనరేటర్ల ప్రకటనతో సహా. సంగతి చెప్పాం. నష్టపోయానని రెండు ముక్కలు రాసిమ్మన్నాను.

‘‘నష్టమేంటండీ’’ అన్నాడు. ‘‘నేను సోమారం పట్టేశానండీ. మంగళారం కరెంటు పోయింది. అదిగో ఆ చెరువు మా బావది. మీ పేపరు పిచ్చి పేపరన్నాడండీ. రొయ్య మొత్తం చచ్చి తేలిపోయిందండీ ఆయనకి.’’

ఆ గాలికీ గెలాక్సీకీ సంబంధం లేదని వరలక్ష్మి గారు ఓపిగ్గా చెప్పారు. ఏలూరులో ఒక పెసర గింజ పెడితే అది సూర్యుడనుకోమన్నారు. ఆ లెక్కన తర్వాతి నక్షత్రం సామర్లకోటలో ఇంకో పెసర గింజ. నక్షత్రాల మధ్య అంత చోటుంది కనక రెండు గెలాక్సీలు ఒకదానిలో ఒకటి దూరినా గింజా గింజా తగలడం దాదాపు ఉండదు. గుద్దుకునేది ఆ మధ్య పరుచుకున్న గ్యాసు మాత్రమే. ఏడుకొండలు చాలా శ్రద్ధగా విన్నాడు.

‘‘ఆయ్, బాగా చెప్పారండీ మేడమ్ గారూ. మరి ఈసారి ఎప్పుడో ఒక వారం ముందు చెప్పండి. చెరువులో రొయ్య పిల్ల వదలాలా వద్దా చూసుకుంటాను.’’

సంతకం పెట్టలేదు. సాయం చేసిన పేపరు మీద ఫిర్యాదు రాయడం ధర్మం కాదన్నాడు. వాళ్ళ బావ దగ్గరకు వెళ్ళాం. ఆయనదీ అభ్యంతరమే. వార్త నమ్మనందుకు తాను నష్టపోయాడట. నమ్మనివాడు ఖండన ఎలా ఇస్తాడని మమ్మల్నే అడిగాడు.

గేటు దగ్గర

అక్కడి నుంచి ఆటోలో ఆకివీడు వస్తుంటే రైలు గేటు పడింది. పది నిమిషాల్లో ఇటువైపు రోడ్డు మొత్తం నిండింది, రాంగ్ సైడు కూడా. అటువైపూ అంతే. రైలు వెళ్ళింది, గేటు లేచింది, రెండువైపుల వాళ్ళూ ఒక్కసారి కదిలి పట్టాల మధ్య ఎదురుపడి ఆగిపోయారు. వెనకవాళ్ళకు ఆ సంగతి తెలియదు. ఇంకా వస్తూనే ఉన్నారు.

వరలక్ష్మి గారు ఆటోలోంచి తల బయటకు పెట్టి చూసి, ఆ వారంలో మొదటిసారి సంతోషంగా కనబడ్డారు.

‘‘ఇదేనండీ’’ అన్నారు. ‘‘ముందువాళ్ళు ఆగారన్న కబురు వెనక్కి చేరేలోపే వెనకవాళ్ళు వచ్చి పడుతున్నారు. గ్యాసులో కబురు ధ్వని వేగంతో వెళుతుందండీ. గెలాక్సీలు గుద్దుకున్నప్పుడు గ్యాసు అంతకంటే ఎన్నో రెట్లు వేగంగా వస్తుంది. కబురు అందదు. ఒక్కచోట కుప్పపడుతుంది. ఆ కుప్ప అంచే ఆఘాత తరంగం. చూడండి, అంచు మనవైపు ఎలా జరిగొస్తోందో.’’

నిజంగానే వస్తోంది. మా ముందున్న పాల వ్యాను ఆగింది, మేం ఆగాం, మా వెనక బస్సు కీచుమంటూ ఆగింది.

మరి నక్షత్రాలేవీ అన్నాను. ఆవిడ వేలు చూపించారు. ఆ ఇరుకులోకి ఒక మొక్కజొన్న పొత్తుల బండి, తలమీద జామకాయల బుట్టతో ఒకావిడ, చార్జింగ్ వైర్లు అమ్మే ఒకతను ఎక్కణ్ణుంచో పుట్టుకొచ్చారు. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు వాళ్ళు అక్కడ ఉండరు. నలిగిన గ్యాసు వేడిని వదిలి చల్లబడితే, తన బరువుకు తానే కుంగి ముద్దలు కడుతుందట. ఆ ముద్దలే నక్షత్రాలు. మరీ బలంగా గుద్దుకుంటే మాత్రం వేడీ కల్లోలమూ తగ్గక, కుప్పపడ్డా నక్షత్రాలు అంతగా పుట్టని చోట్లు కూడా ఉన్నాయట. ఎక్కడ పుడతాయో, ఎక్కడ పుట్టవో ముందే చెప్పడం ఇంకా పూర్తిగా చేతకాలేదన్నారు.

నేను జామకాయలు కొన్నాను. తింటూ రాంబాబు మోటారు సైకిలు గురించి ఆలోచించాను. నా సర్వీసు మొత్తంలో సవరణలు ఆలస్యంగా వేశామని బాధపడ్డాను గాని, సవరణ ఎప్పుడూ జనం వెనకే ఎందుకు ఉంటుందో ఆ గేటు దగ్గరే అర్థమైంది.

ఐసు

ఐసు ప్లాంటు మస్తాన్ గారిని రాంబాబు బాధితుడని చెప్పలేదు. గేటు దగ్గర ఇరుక్కున్న లారీ డ్రైవరు చెప్పాడు, సోమవారం నుంచి ఆయన ఎవరితోనూ మాట్లాడటం లేదని.

మస్తాన్ గారు మమ్మల్ని ప్లాంటు లోపలికి తీసుకెళ్ళి డబ్బాలు చూపించారు. నీళ్ళు పోశాక దిమ్మ కట్టడానికి రోజు పడుతుంది. సోమవారం అందరూ ఒకేసారి వచ్చిపడి, కట్టకముందే లాక్కుపోయారు. బయట చూస్తే దిమ్మ, లోపల నీళ్ళు. రొయ్యల పెట్టెల్లో అరగంటకే కరిగింది.

‘‘మా నాన్నగారి నుంచీ ఇదే ప్లాంటండీ. మస్తాన్ ఐసు పల్చన అన్నవాడు ఇంతవరకూ లేడు. ఇప్పుడు గణపవరం నుంచి సరుకు కొనేవాళ్ళు ఫోన్ చేసి అంటున్నారు.’’

ఖండన ఇస్తారా అని అడగడానికి నాకు మొహమాటమేసింది. వరలక్ష్మి గారే అడిగారు. ఎన్నేళ్ళకు గుద్దుకుంటాయో చెప్పారు.

‘‘అప్పటికి మా ప్లాంటు ఉండదు కదండీ మేడమ్ గారూ?’’

‘‘సూర్యుడే ఈ రూపంలో ఉండకపోవచ్చండీ.’’

‘‘అయితే రాసేయండి’’ అన్నారు మస్తాన్ గారు.

ఆ ఉత్తరం నకలు నా దగ్గర ఇప్పటికీ ఉంది. ‘‘అయ్యా, తమ పత్రికలో గెలాక్సీలు ఢీకొంటున్నట్టు వచ్చిన వార్త వల్ల మా ఐసు గట్టిపడలేదు. ఢీకొనడానికి నాలుగైదు వందల కోట్ల ఏళ్ళ వ్యవధి ఉండగా ఆ మాట వేయకపోవడం బాధాకరం.’’ కింద సంతకం, ఫోన్ నంబరు, ప్లాంటు సీలు.

శనివారం శేషగిరిరావు గారు దాన్ని రెండుసార్లు చదివారు. సీలును వెలుతురుకు పెట్టి చూశారు. ‘‘ఇదీ ఖండనంటే’’ అన్నారు.

సవరణ నేనే రాశాను. జీవితంలో మొదటిసారి, తోక కోసేస్తే ఏం మిగులుతుందో ఆలోచించి రాశాను. గతవారం వ్యాసంలో చివరి పేరా తొలగించింది డెస్కు అనీ, వ్యాసకర్త తప్పేమీ లేదనీ మొదటి వాక్యం. ఢీకొనడానికి నాలుగైదు వందల కోట్ల ఏళ్ళ సమయం ఉందని ఆకివీడు ఐసు ప్లాంటు యజమాని మస్తాన్ ఒక ప్రకటనలో తెలిపారని రెండో వాక్యం. నక్షత్రాలు ఒకదానికొకటి తగలవు కనక ఎవరూ ఆందోళన చెందనక్కర్లేదని మూడోది. సాయంత్రం ప్రకటన సైజు మళ్ళీ పెరిగింది. మూడో వాక్యం పోయింది. కోసింది నేను కాదు, శేషగిరిరావు గారే. చదవలేదు.

సోమవారం వరలక్ష్మి గారు క్లాసుకు వెళ్ళారు. కరస్పాండెంట్ మొదటి వాక్యం వరకే చదివారట, అది చాలింది. ఆవిడ మాకు రాయడం మానలేదు. కాకపోతే ఆ తర్వాత ప్రతి వ్యాసంలో మొదటి వాక్యం ఒక సంఖ్యతోనే మొదలయ్యేది. గణపవరం వాళ్ళు మస్తాన్ గారికి ఫోన్ చేసి, ఐసు సంగతి సరే, గెలాక్సీల విషయం మీకెలా తెలిసిందని అడిగారట.

కొత్తగా చేరినవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. కోసే ముందు కోసేది చదవండి. ఇప్పుడు ఫోన్లలో వార్తకు చోటు కొరత లేదు కదా అంటారు. నిజమే. ఇప్పుడు శీర్షిక దగ్గరే పాఠకుడే కోసేస్తున్నాడు. కనక తోకలో దాచుకోకండి.

సవరణకు సవరణ

ఈ మధ్య వరలక్ష్మి గారు ఫోన్ చేశారు. నేను రిటైరయ్యాను, శేషగిరిరావు గారూ రిటైరయ్యారు. ఆవిడ ఇంకా చెబుతున్నారు.

‘‘ఏవండీ, మన సవరణకి సవరణ వేయించాలండీ’’ అన్నారు.

కొత్త కొలతలతో లెక్కలు మళ్ళీ వేశారట. పక్కనున్న చిన్న గెలాక్సీల లాగుడు కూడా కలుపుకుంటే, ఆండ్రోమెడా పక్కనుంచి వెళ్ళిపోయే అవకాశం కూడా బాగా ఉందట. నాలుగైదు వందల కోట్ల ఏళ్ళకు ఢీకొనడం ఖాయమని మస్తాన్ గారి పేరు మీద వేసింది ఇప్పుడు తప్పయ్యేలా ఉంది.

మస్తాన్ గారికి ఫోన్ చేసి చెప్పాను. ‘‘నా పేరు మీద పడిన మాటండీ అది’’ అన్నారాయన. ‘‘ఐసుకీ దానికీ ఒకటే నోరు కదండీ. తేలకుండా వెనక్కి తీసుకోను.’’ డెస్కుకు ఫోన్ చేశాను. కొత్తగా వచ్చిన సబ్ ఎడిటర్ మర్యాదగా విని, రాతపూర్వకంగా ఖండన ఎవరిస్తారండీ అని అడిగింది.

సవరణ పడలేదు. వచ్చే వెయ్యి కోట్ల ఏళ్ళలో ఆ రెండు గెలాక్సీలు ఢీకొనే అవకాశం, ఇప్పటి లెక్కల ప్రకారం, దాదాపు సగానికి సగం.